తుపాకీ విభూది

తుపాకీ ఉన్న ఆసామికి తుపాకీ గురించి తప్ప అన్నీ తెలుస్తాయి. ఇరవై ఏళ్ళుగా గుంటూరులో తుపాకులు మరమ్మతు చేస్తూ నేను నేర్చుకున్నది ఈ ఒక్క సంగతే. గోడకు తగిలించిన తుపాకీని చూసి వచ్చిన చుట్టాలు బెదరాలి, వెళ్ళిన చుట్టాలు నలుగురికీ చెప్పాలి. ఆసామి పని అంతటితో సరి. దాని గొట్టంలో సాలీడు కాపురం పెట్టిందా, తేలు పురుడు పోసుకుందా అన్నది నా పని. పిల్లాపాపలతో సహా సాలీడును బయటికి లాగి చూపిస్తే, "మా తుపాకీలోనా? ఛఛ, నీ కొట్లోనే దూరుంటుంది" అంటారు.

నా పేరు రసూల్. కొట్టు నాది, పేరు మా నాన్నది. ఇమాం హుస్సేన్ తుపాకీ అంటే ఒకప్పుడు బాపట్ల నుంచి వినుకొండ దాకా తెలియని రైతు లేడు. గొట్టం మూతిలోంచి మందు పోసి, కొబ్బరి పీచు కుక్కి, గజంతో దట్టించి, వెనక నిప్పురవ్వ పుట్టించే చిన్న రాగి టోపీ పెట్టి పేల్చే నాటు తుపాకులు అవి. గజమంటే గొట్టం అడుగుదాకా దిగే ఇనుప కడ్డీ. నాన్న మొదట్నుంచీ చివరిదాకా తన చేత్తో చేసినవి ఏడు. ఆ తర్వాత కొత్తవి చేయకూడదని సర్కారు మా లైసెన్సును మరమ్మతుల వరకే కుదించింది. ఆ ఏడింట్లో మూడు పోలీసు స్టేషన్ల అటకల మీద తుప్పుపట్టి పోయాయి. రెండు ఇళ్ళు తగలబడినప్పుడు పోయాయి. ఒకదాన్ని అన్నదమ్ములు వాటాలేసుకున్నారు. అన్న గొట్టం తీసుకున్నాడు, తమ్ముడు చెక్క తీసుకున్నాడు. ఇద్దరూ తమ ఇంట్లో తుపాకీ ఉందనే చెప్పుకుంటారు. ఇక మిగిలింది ఒక్కటే, ప్రత్తిపాడు అవతల రోశయ్య గారి ఇంట్లో ఉన్నది.

ఈ సంగతి జరిగేనాటికి నాన్నకు చూపు పోయి ఆరేళ్ళయింది. కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, ఎవరు తుపాకీ తెచ్చినా గొట్టాన్ని వేలి కణుపుతో కొట్టి దాని జాతకం చెప్పేవాడు. రోశయ్య గారి తుపాకీ మాత్రం కొడితే గుడిగంటలా కంగుమనేదట. "నేను పోయాక కూడా అది మోగుద్దిరా" అని రోజుకు రెండుసార్లు అనేవాడు. ఆ తుపాకీ అంటే నాకు కాస్త అసూయగానే ఉండేది. కన్నకొడుకును ఆయన ఏనాడూ అంత మాట అనలేదు మరి.

యాభై తొమ్మిదిలో ఎక్కడో ఓ నాటు తుపాకీ పేలి ఒకాయన చెయ్యి పోయింది. సర్కారుకు కోపం వచ్చింది. తాలూకాలో ఉన్న నాటు తుపాకులన్నీ పోలీసుల ఫైరింగ్ రేంజిలో కాల్చి చూపించాలని హుకుం జారీ అయింది. అర తులం మందుతో ఒకటి, ముప్పాతిక తులంతో ఒకటి, నిండు తులంతో ఒకటి, మూడింటికీ సీసపు గుండు వేయాలి. కాల్పుకూ కాల్పుకూ నడుమ యజమానే మరిగే నీళ్ళతో గొట్టం కడిగి, తుడిచి చూపించాలి. మూడూ తట్టుకుంటే లైసెన్సు, లేకపోతే అక్కడికక్కడే గొట్టాన్ని రెండు ముక్కలు చేస్తారు. దూరం నుంచి తాడు కట్టి లాగి కాల్చవచ్చు కదా అని నేను గుమాస్తాను అడిగాను. "తాడు శాంక్షన్ కాలేదయ్యా" అన్నాడు. అందువల్ల యజమానే భుజానికి ఆనించి కాల్చాలి. పేలితే యజమాని మొహం మీదే పేలుతుంది, సర్కారు ఆస్తికి ఏ నష్టమూ ఉండదు. ఇంత ముందుచూపు ఉన్న హుకుం నేను మళ్ళీ చూడలేదు.

తుపాకీ బాగుందని మరమ్మతుదారు సంతకం చేసిన చీటీ కూడా తేవాలన్నారు. దాంతో నా కొట్టు ముందు బళ్ళు బారులు తీరాయి. శివరాత్రి ఇంకా పది రోజులుందనగా రోశయ్య గారు దిగారు.

తుపాకీని మంగళగిరి జరీ చీరలో చుట్టి, మడమకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి తెచ్చారు.

"ఏమండీ, పెళ్ళికూతుర్ని తెచ్చారా?" అన్నాను.

"నోరు కడుక్కో రసూలూ. స్వామి తుపాకీరా ఇది" అన్నారాయన, మీసం సర్దుకుంటూ. "పెదకాకాని తిరనాళ్ళకి మా ఊరి ప్రభ బండి కదలాలంటే ముందు ఇది మోగాలి. తర్వాతే ఎడ్లు అడుగేసేది."

గజానికి గుడ్డ చుట్టి గొట్టంలోకి దించాను. అడుగుకు ఇంకా నాలుగు వేళ్ళ దూరం ఉండగానే ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. గోడకు తగిలినట్టు తగిలింది.

"మందు గానీ దట్టించి ఉందా అండీ?"

"లేదురా."

"మరి లోపల ఏముంది?"

రోశయ్య గారు చెప్పులు విడిచి చెప్పారు. "స్వామి విభూది."

ఆ కథ ఆయన నోటితోనే వినాలి. ఆయన ఆరు నెలల పసివాడుగా ఉన్నప్పుడు ఆ తుపాకీ మొదటిసారి ప్రభ ముందు మోగిందట. ఆ చప్పుడుకు ఆయన గుక్కపట్టి ఏడ్చాడట. ఎంతకీ ఆపక నీలంగా మారిపోతుంటే, ఎక్కడి నుంచో తెల్లగడ్డం జంగందేవర ఒకాయన వచ్చి, తుపాకీ మూతిలో వేలుపెట్టి, ఆ మసి తీసి నుదుట పెట్టి, "ఇదుగో స్వామి విభూది, ఇంక ఏడవబాకు" అన్నాడట. అంతే, ఏడుపు ఆగిపోయిందట. వాళ్ళమ్మ మాణిక్యమ్మ గారు తల తిప్పి చూసేసరికి జంగందేవర మాయమట.

"అప్పట్నుంచీ శివరాత్రి కాల్పు మసి మా ఊళ్ళో పిల్లలందరికీ పెడతాం" అన్నారు. "మా నాయన తెలివితక్కువవాడు. రెండ్రోజులుంచి కడిగించేవాడు. ఆయన పోయి పన్నెండేళ్ళు. నేను బాధ్యత తీసుకున్నాక ఒక్క చుక్క నీళ్ళు తగలనివ్వలేదు."

ఆ మాట ఎంత గర్వంగా అన్నారంటే, పన్నెండేళ్ళు ఒంటిపూట భోజనం చేసినట్టు అన్నారు. మందు మసి ఇంట్లో అల్లుడిలాంటిది కాదు, ఊరికే కూర్చోదు. గాలిలో తేమ తాగి ఇనుమును కొరుకుతుంది. అందుకే కాల్చిన పూటే కడగమని నాన్న ప్రతి ఆసామికీ దండం పెట్టి చెప్పేవాడు. రోశయ్య గారికి మాత్రం ఏటేటా చప్పుడు తగ్గుతున్నట్టు అనిపించిందట. గొట్టం పూడుకుపోతోందని కాదు, భక్తి చాలడం లేదని అనుకున్నారు. భక్తితోపాటు మందు కూడా పెంచుతూ పోయారు. ఇప్పుడు ఆ ఇంటి కొలత మాణిక్యమ్మ గారి కుంకుమ భరిణ. నిండా పోస్తే తులమున్నర పడుతుంది.

"తులమున్నరా!" అన్నాను. "ఇన్నాళ్ళూ మీరు గుండు వేయకుండా ఉత్త చప్పుడు చేశారు కాబట్టి బతికారు. రేపు రేంజిలో సీసం వేయాలి. కడిగితే గానీ లోపల ఇనుము ఎంత మిగిలిందో తెలియదు. కడగనివ్వండి, చీటీ రాస్తాను."

"స్వామి విభూదిని కాలవలో పోస్తావా? పది రోజుల్లో తిరనాళ్ళు పెట్టుకుని! కడిగిన తుపాకీ మోగితే ఎంత, మోగకపోతే ఎంత? ఆ రంగయ్య తుపాకీ ఉండనే ఉంది, దానికిస్తారు మొదటి మోత."

రంగయ్యంటే అదే ఊళ్ళో రెండో తుపాకీ ఉన్న ఆసామి. రోశయ్య గారికి కలలో పాములు రావు, రంగయ్య వస్తాడు.

నేను నాన్న వైపు చూశాను, ఆయనైనా నాలుగు చీవాట్లు పెడతాడని. ఆయన చెయ్యి చాచి గొట్టాన్ని కణుపుతో కొట్టాడు. పచ్చి గుమ్మడికాయను కొట్టినట్టు మొద్దుగా మోగింది. మళ్ళీ కొట్టాడు. జంగందేవర కథ మొదలైనప్పటి నుంచీ ఆయన నోరు మెదపలేదని నాకు అప్పుడు తట్టలేదు.

నేను చీటీ ఇవ్వలేదు. రోశయ్య గారు తుపాకీకి మళ్ళీ చీర చుట్టి, నా మతాన్నీ నా పనితనాన్నీ ఒకే వాక్యంలో తిట్టి, వీధి చివర ఇంకో మరమ్మతుదారు దగ్గరికి వెళ్ళారు. అతను చాలా మర్యాదస్థుడు, చీర విప్పకుండానే సంతకం చేశాడు.

రేంజి ఊరికి బయట. ఎదురుగా మట్టికట్ట, కట్టకు అవతల పత్తిచేలు, ఈవల పక్కన ఎవరిదో మిరప కళ్ళం. గాలి తిరిగినప్పుడల్లా ఎండుమిరప ఘాటు వచ్చి అందరినీ తుమ్మిస్తోంది. మారణాయుధాలు పట్టుకుని నలభైమంది ఆసాములు కళ్ళనీళ్ళతో వరసలో నిలబడ్డారు. చూసేవాళ్ళకు ఏదో పరామర్శకు వచ్చినట్టుంది. ఇన్‌స్పెక్టరు గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. నీళ్ళ డేగిశా, పొయ్యి, గుడ్డపీలికలు, ఆముదం సీసా, ఇనుప రంపం ఇవన్నీ పెట్టుకుని ఓ పక్కన ఉండమని నాకు ఉత్తర్వు. నాన్న కూడా వస్తానని పట్టుబట్టాడు. "దాని మోత వింటా" అన్నాడు. జట్కాలో తెచ్చి డేగిశా పక్కన కూర్చోబెట్టాను.

పొద్దున్నుంచీ కాల్పులు సాగాయి. ఒకాయన గజం లోపలే మరిచిపోయి పేల్చాడు. అది పత్తిచేలోకి బాణంలా పోయింది. ఇంకొకాయన టోపీ పెట్టడం మరిచి మూడుసార్లు మీట నొక్కి, తన తుపాకీకి చేతబడి జరిగిందన్నాడు. రంగయ్య మూడు కాల్పులూ కాల్చి, మధ్యలో బుద్ధిగా కడిగి, లైసెన్సు కాగితం రోశయ్య గారికి కనపడేటట్టు గాలికి ఆరబెట్టాడు.

రోశయ్య గారి వంతు వచ్చింది. అర తులం కొలిచి ఇస్తే ఆయన నవ్వారు. "దీపావళికి మా ఇంట్లో ఆడపిల్లలు కాల్చేది ఇంతకంటే ఎక్కువండీ" అన్నారు. పోశారు, పీచు కుక్కారు, గుండు వేశారు, దట్టించారు. సున్నం పూసిన కుండకు గురిపెట్టి మీట నొక్కారు.

మోగింది. కుండ పగిలింది. జనం ఈలలు వేశారు. కానీ గొట్టం మొదట్లో, రోశయ్య గారి కుడి చెంపకు జానెడు దూరంలో, సన్నని పొగ దారం ఒకటి పక్కకు లేవడం నేను చూశాను.

"రసూలూ" అన్నాడు నాన్న. "చప్పుడు మొత్తం ముందుకు పోలేదు. కొంచెం పక్కకు పోయింది. అవునా?"

నేను లేచి ఇన్‌స్పెక్టరు గారి దగ్గరికి పరిగెత్తాను. "అయ్యా, గొట్టం చీలింది. ముప్పాతిక తులం వేస్తే ఈయన మొహం పోతుంది. కడిగించి చూడండి."

"కడగను" అన్నారు రోశయ్య గారు. "ఇది స్వామి విభూదండీ." అని జంగందేవర కథ మొదట్నుంచీ చెప్పారు.

ఇన్‌స్పెక్టరు గారు రుమాలు తీశారు. చదువుకున్న మనిషి కాబట్టి కాసేపు ఆలోచించారు. తర్వాత లేచి, బూట్లు విప్పి, తుపాకీ మూతిలో వేలుపెట్టి, మసి నుదుట రాసుకున్నారు. ఆయన ప్రమోషను కాగితాలు ఏడాదిగా ఎక్కడో ఆగిపోయాయని తర్వాత తెలిసింది.

"దైవకార్యానికి రూలు అడ్డమేంటయ్యా. దీనికి కడగడం మాఫీ. రెండో కాల్పు కానివ్వండి" అన్నారు.

"అయ్యా, చీలిందండీ! నా కళ్ళతో చూశాను!"

"చీటీ నువ్వు ఇవ్వలేదంటగా? అక్కసా?"

రోశయ్య గారు ముప్పాతిక తులం మందు కొలత గిన్నెలో పట్టుకుని, తుపాకీని నిలబెట్టి, పోయబోయారు. ఆ మనిషి మీద నాకు ఎంత చిరాకున్నా, ఆ చెంపను చూస్తూ ఊరుకోలేకపోయాను. తుపాకీ లాక్కుందామని అడుగు వేశాను. కానిస్టేబులు నా చెయ్యి పట్టుకున్నాడు.

అప్పటికే నాన్న లేచాడు. కర్ర తాటించుకుంటూ, రోశయ్య గారి మాట వినపడిన వైపు నడిచి వెళ్ళి, తడుముకుని గొట్టం పట్టుకుని, దాని మూతి మీద అరచెయ్యి వేసి మూసేశాడు.

"తాతా, చెయ్యి తియ్యి."

"తియ్యను. రోశయ్యా, మీ అమ్మ చెప్పిన జంగందేవరకి తెల్లగడ్డం కదా?"

"అవును."

"తెల్లగడ్డం కాదు. అప్పుడు నల్లదే. నెత్తిన తెల్లటోపీ ఉంది. ఆ జంగందేవరను నేనే."

ఎవరూ తుమ్మలేదు కూడా.

"కొత్త తుపాకీ ఎట్టా మోగుద్దో చూద్దామని వచ్చా ఆ రోజు" అన్నాడు నాన్న. "నువ్వు గుక్కపట్టావు. మీ అమ్మ ఒణికిపోతంది. నాకు ఏం చెయ్యాలో తోచలా. నా తుపాకీ వల్ల పిల్లోడు పోతాడని భయం. చేతికి మసి ఉంటే నీ నుదుట పెట్టి, నోటికొచ్చింది అన్నా. అల్లరి మాటరా అది. చల్లటి వేలు తగిలి నువ్వు ఊరుకున్నావు. అంతకంటే ఏం లేదు."

"మాయమయ్యావంటగా?" రోశయ్య గారి గొంతు పసివాడి గొంతులా వచ్చింది.

"మాయమెందుకవుతా? బండెక్కి ఇంటికొచ్చా. మొన్న కొట్లో నువ్వు చెప్పేదాకా ఇట్టా అయిందని నాకూ తెలీదు. అప్పుడే చెప్పాల్సింది. సిగ్గేసింది. నా నోటి మాట మీద నా తుపాకీ చచ్చిపోయిందని చెప్పడానికి నోరు రాలా. కడుగు నాయనా. నీ మొహం పోతే మీ అమ్మకు నేనేం చెప్పను?"

రంగయ్య పకపకా నవ్వబోయి, ఎవరూ కలవకపోయేసరికి దగ్గాడు. ఇన్‌స్పెక్టరు గారు నుదుటి మీద మసి తుడుచుకోవాలో ఉంచుకోవాలో తేల్చుకోలేక రుమాలు చేతిలో పట్టుకుని ఉండిపోయారు. చివరికి రోశయ్య గారు కొలతలో మందును డబ్బాలో ఒంపేసి, నా డేగిశా దగ్గరికి వచ్చారు.

మరిగే నీళ్ళు ఆయనే పోశారు. నేను గజంతో పొడిచాను. ముందు నల్లటి ముద్ద వచ్చింది, పన్నెండు శివరాత్రుల మసి. తర్వాత నల్లటి నీళ్ళు, తర్వాత ఎర్రగా తుప్పు. ఐదో చెంబుకు నీళ్ళు తేటపడ్డాయి. వెనక టోపీ పెట్టే రంధ్రం మూసి, గొట్టం నిండా నీళ్ళు పోసి నిలబెట్టాం. మొదట్లో, పొగ దారం లేచిన చోట, వెంట్రుకంత గీత మీద నీటిబొట్లు పేరుకోసాగాయి. ఒకటి జారింది. ఇంకొకటి జారింది.

"కారుతుందిరా?" అన్నాడు నాన్న.

"లేదు నాన్నా" అన్నాను. నా జన్మలో తుపాకీ గురించి అబద్ధం చెప్పింది అదొక్కసారే.

ఆయన బొటనవేలు గొట్టం వెంట నెమ్మదిగా కిందికి దిగి, ఆ గీత మీద ఆగింది. తడి వేలిని రెండో వేలితో రుద్దుకుని, తల ఊపాడు.

ఇన్‌స్పెక్టరు గారికి రూలు మళ్ళీ గుర్తొచ్చింది. "ఫెయిలు. కోసెయ్" అన్నారు, రంపం వైపు చూపిస్తూ. కోయాల్సింది నేనే. అందుకేగా నన్ను పిలిపించింది. ఆ తుపాకీ మీద నాకు అసూయ అని చెప్పానుగా. గొట్టాన్ని మోకాలి కింద అదిమి, నాన్న పేరు చెక్కిన చోటు తప్పించి, పైన రంపం పెట్టాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరప ఘాటని చెప్పొచ్చు గానీ, అప్పుడు గాలి అటు నుంచి రావడం లేదు.

సగం ముక్క తెగి రాతి మీద పడి కంగుమంది. మసి వదిలిన ఇనుము కదా, గుడిగంటలా మోగింది. నాన్న అన్నేళ్ళుగా చెప్పిన మోత అదే. నేను వినడం అదే మొదటిసారి.

నాన్న ఆ మోత ఆగేదాకా విని, అక్కడే గొంతుక్కూర్చుని ఏడ్చాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, జనం మధ్యలో, ఏ ముసుగూ లేకుండా ఏడ్చాడు. నేను రంపం పట్టుకుని దిమ్మెరపోయి నిలబడ్డాను. నాకు ఓదార్చడం రాదు, వెక్కిరించడమే వచ్చు.

రోశయ్య గారు ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. నేల మీద పడిన నల్లటి ముద్దలో వేలు ముంచి, నాన్న నుదుట పెట్టారు.

"ఇదుగో స్వామి విభూది. ఇంక ఏడవబాకు తాతా."

ఆ శివరాత్రికి ప్రభ ముందు రంగయ్య తుపాకీయే మోగింది. చప్పుడు బాగానే వచ్చిందట. రోశయ్య గారు తిరనాళ్ళకు వెళ్ళకుండా జ్వరమని పడుకున్నారట. అది తర్వాతి మాట.

ఆ రోజు జట్కాలో ఇంటికి వస్తుంటే, నుదురు తుడుస్తానని నేను గుడ్డ తడిపాను. నాన్న నా చెయ్యి తోసేశాడు. గుమ్మంలో అమ్మ మాబూబీ ఎదురొచ్చి, ఆయన మొహం చూసి బుగ్గ నొక్కుకుంది.

"ఏందయ్యా నుదుట ఆ మసి?"

నాన్న చెప్పులు విడిచి లోపలికి నడుస్తూ చెప్పాడు.

"ఏడుస్తుంటే పెట్టార్లే."